మందు మన గోదారాయనదే, మింగనిదీ మనమే

కోనసీమ అంటే బయటివాళ్ళకి కొబ్బరితోటలు, కాలవలు, పూతరేకులు. మా వైపు వాళ్ళకి ఇంకోటి కూడా గుర్తొస్తుంది, దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అదే బోదకాలు. మా చిన్నప్పుడు రాజోలు, కొత్తపేట వైపు పెళ్ళి సంబంధం అంటే చాలు, "అమ్మో, అక్కడి నీళ్ళు పడవండీ" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. కాలు వాచిన మనిషి అరుగు మీద కూర్చుంటే పిల్లల్ని దూరంగా లాగేవాళ్ళు. ఈ రెండూ తప్పే. ఎలా తప్పో చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అనే డాక్టరు మనిషి రక్తంలో సన్నటి పురుగు పిల్లల్ని చూశాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవే పిల్లలు దోమ కడుపులో పెరగడం కనిపెట్టాడు. ఒక రోగానికి దోమతో సంబంధం ఉందని తేలడం అదే మొదలు. ఈ మాన్సనే తర్వాత రొనాల్డ్ రాస్‌ని మలేరియా మీద పనిచెయ్యమని ఎగదోశాడు. ఆ రాస్ 1897లో మన సికిందరాబాదులో ఏం సాధించాడో అందరికీ తెలిసిందే. సరే, అంత తెలివైన మాన్సన్ కూడా ఒకచోట బోల్తా పడ్డాడు. దోమ చచ్చి నీళ్ళలో పడుతుంది, ఆ నీళ్ళు తాగితే రోగం వస్తుంది అనుకున్నాడు. అంటే మా ఊరి పెద్దవాళ్ళ థియరీనే! దోమ కుట్టినప్పుడే పురుగు ఒంట్లోకి వస్తుందని 1900 ప్రాంతాల్లో గానీ తేలలేదు.

కాబట్టి గోదారి నీళ్ళని తిట్టి లాభం లేదు. కాటన్ దొర తవ్వించిన కాలవల్నీ తిట్టక్కర్లేదు. ఈ రోగాన్ని మోసే క్యూలెక్స్ దోమకి పారే నీరు కంటే ఇంటి వెనక మురుగుగుంట, మూత సరిగ్గా లేని సెప్టిక్ ట్యాంకు అంటేనే ఇష్టం. పైగా ఇది రాత్రిపూట కుడుతుంది. చిత్రం ఏంటంటే, పురుగు పిల్లలు కూడా రక్తంలో పైకి తేలేది రాత్రిపూటే. అందుకే ఫైలేరియా సిబ్బంది అర్ధరాత్రి తలుపు కొట్టి వేలికి సూది గుచ్చేవారు. జనం విసుక్కునేవారు గానీ, పగలు చూస్తే దాదాపు ఏమీ కనపడదు మరి.

ఇక అసలు విషయం. కాలు బాగా వాచిపోయిన మనిషి రక్తంలో చాలాసార్లు ఈ పిల్లలు ఉండనే ఉండవు. దోమలకి అందించేది ఏ వాపూ లేకుండా హాయిగా తిరిగే మనిషి. అంటే మనం ఎవర్నైతే దూరం పెట్టామో ఆయన వల్ల మనకి ప్రమాదం తక్కువ, ఆయన పక్కనుంచి ముక్కు చిట్లించుకుని వెళ్ళినవాళ్ళలోనే ఎవరో ఒకరు రోగాన్ని మోస్తూ ఉండొచ్చు. 2020లో కరోనా వచ్చి లక్షణాలు లేనివాళ్ళూ అంటిస్తారని చెప్తే అందరం ఆశ్చర్యపోయాం. మా ఊళ్ళో అది తరతరాలుగా జరుగుతున్న సంగతే.

ఇంతకీ మందు? రాజోలు వైపు నుంచి గోదారి దాటితే నరసాపురం, ఇంకాస్త ముందుకెళ్తే భీమవరం. 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది ఆ భీమవరంలోనే. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి ఆయన పెద్దగా ఉన్నప్పుడు, అక్కడి హెవిట్ బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ని బయటికి తెచ్చింది. హెట్రజాన్ అని అమ్మారు, మనవాళ్ళు డీఈసీ మాత్ర అంటారు. 1948లో ఆయన పోయారు. ఈపాటికి ఆ మాత్ర వచ్చి మూడు పాతిక సంవత్సరాలు దాటిపోయింది.

మరి రోగం ఎందుకు పోలేదు? మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది గానీ ఎక్కువగా పట్టణాలకే పరిమితం. కోనసీమేమో పల్లెల మయం. ఊరందరికీ ఏడాదికోసారి మాత్రలు పంచడం దేశవ్యాప్తంగా 2004లో గానీ మొదలుకాలేదు. ఒంట్లో పెద్ద పురుగు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది, మాత్ర ముఖ్యంగా చంపేది పిల్లల్ని. అందుకే ఒక్క ఏడాది మింగితే సరిపోదు. కనీసం అయిదేళ్ళపాటు, ఊళ్ళో నూటికి 65 మందైనా మింగాలి.

అక్కడే వచ్చింది చిక్కు. ఇంటికొచ్చి మాత్రలిస్తే "నాకేం రోగం?" అని కిటికీలో పెట్టేవాళ్ళే ఎక్కువ. సెక్యూరిటీ ప్యాచ్ వేసుకోమంటే "నా మెషీన్ బానే పనిచేస్తోందిగా" అనే మన టీమ్‌మేటు లాంటి వాళ్ళన్నమాట. మింగాక జ్వరం, తలనొప్పి వస్తే మాత్ర మంచిది కాదని ప్రచారం. నిజానికి చాలాసార్లు అది ఒంట్లో పురుగు పిల్లలు చావడం వల్ల వచ్చే జ్వరం. అంటే ఆ మాత్ర తనకే అవసరమైందన్నమాట!

పూర్తిగా తరిమెయ్యడానికి ప్రభుత్వం మొదట 2015 అంది, గడువులు జరిగి జరిగి ఇప్పుడు 2027 అంటోంది. చైనా 2007కే వదిలించుకుంది, వాళ్ళు వాడిందీ ఈ డీఈసీనే, కొన్నిచోట్ల ఉప్పులో కలిపి మరీ పెట్టారు.

సుబ్బారావు గారి ఫోటోలు మనం ఏటా ఫార్వర్డ్ చేస్తూనే ఉంటాం. ఆయనకి గుర్తింపు దక్కలేదని బాధపడతాం, అదీ న్యాయమే. కానీ మాత్రలిచ్చే ఊళ్ళో మీ అమ్మానాన్నలు ఉంటే ఈసారి ఫోన్‌లో ఒక్క మాట అడగండి, మాత్ర మింగారా, కిటికీలో పెట్టారా అని. గర్భిణులు, రెండేళ్ళ లోపు పిల్లలు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళు తప్ప మిగతా అందరూ మింగాల్సిందే. ఆశా కార్యకర్త ఎదురుగానే మింగితే ఇంకా మంచిది. ఆ అరుగు మీద మనిషికి మనం బాకీ ఉన్నది కూడా అదే.