వాబిగూన్ నదిలో పాదరసం

కెనడాలో, ఒంటారియో రాష్ట్రం వాయవ్య కొసన, వాబిగూన్ నది ఒడ్డున డ్రైడెన్ అనే మిల్లు ఊరుంది. కాగితపు గుజ్జును తెల్లబరచడానికి మిల్లుకు క్లోరిన్ కావాలి. అందుకోసం 1962లో పక్కనే డ్రైడెన్ కెమికల్స్ కర్మాగారం మొదలైంది. ఉప్పునీటిలో విద్యుత్తు పారించి క్లోరిన్ తీసే ఆ పద్ధతిలో పాదరసమే ఒక ధ్రువం. వాడిన పాదరసమంతా తిరిగి చేతికి రాదు. 1970 నాటికి సుమారు 9 టన్నులు నదిపాలైంది.

దిగువన గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ అనే అనిషినాబే ఆదివాసుల ఊళ్లున్నాయి. చేపే వాళ్ల తిండి, చేపే వాళ్ల సంపాదన. వేసవిలో గాలాలతో వచ్చే టూరిస్టులకు ఊరి మగవాళ్లు గైడ్లుగా వెళ్లేవారు. మధ్యాహ్నానికి పడవను ఒడ్డుకు చేర్చి, పొద్దున పట్టిన వాల్‌ఐ చేపను కోసి, ముల్లు తీసి, కండ ముక్కలను బాణలిలో వేయించి అతిథులకు పెట్టి, తామూ తినేవారు. అతిథి నాలుగు రోజులు తిని వెళ్లిపోయేవాడు. గైడు సీజనంతా అదే తినేవాడు, ఇంట్లో పిల్లలూ అదే తినేవారు.

బరువైన లోహం కాబట్టి పాదరసం అడుగున పడి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. స్వీడన్ శాస్త్రజ్ఞులు యెన్సెన్, యెర్నెలోవ్ 1969లో ఆ నమ్మకాన్ని పడగొట్టారు. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యూరీ అనే విషంగా మారుస్తాయి. అది నాచులోకి, పురుగుల్లోకి, చిన్న చేపల్లోకి, వాటిని మింగే వాల్‌ఐలోకి మెట్టు మెట్టుకూ చిక్కబడుతూ పోతుంది. చేరేది కొవ్వులోకి కాదు, కండలోని మాంసకృత్తుల్లోకి. అందుకే తోలు వలిచినా, కొవ్వు తీసినా, ఎంతసేపు వండినా పోదు. రంగులో, రుచిలో తేడా ఉండదు. చేప ఎంత పెద్దదైతే, ఎంత వయసుదైతే అంత విషం.

ఒంటారియో చేపల్లో పాదరసం ఉందని నార్వే నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి నార్వాల్డ్ ఫిమ్రైట్ బయటపెట్టాడు. 1970లో ప్రభుత్వం వాబిగూన్ నదీవ్యవస్థలో వ్యాపార చేపలవేటను ఆపింది. టూరిస్టుల గాలం వేటను మాత్రం ఆపలేదు. సరదాకి పట్టండి, తినకండి అంది. గైడ్ల ప్రాణాల కంటే టూరిజం ఆదాయాన్ని ముందు చూసుకున్న ఆ నిర్ణయం ఈ చరిత్రలో అన్నిటికంటే క్షమించరానిదని నా అభిప్రాయం. ప్రభుత్వం ఆపకపోయినా, అక్కడి బాల్ లేక్ లాడ్జి యజమాని బార్నీ లామ్ తన లాడ్జినే మూసేశాడు. దాంతో ఎందరో గైడ్లకు పని పోయింది. పని లేనివాళ్లకు కడుపు నింపుకోవడానికి మళ్లీ ఆ చేపలే దిక్కయ్యాయి.

జపాన్‌లోని మినమాటాలో పాదరసం చేరిన చేపలు తిని జబ్బుపడినవాళ్లను ఏళ్లతరబడి పరీక్షించిన వైద్యుడు మసజుమి హరదా 1975లో ఈ ఊళ్లకు వచ్చాడు. చేతుల తిమ్మిరి, చూపు అంచులు కుదించుకుపోవడం, నడకలో తూలడం: మినమాటాలో చూసిన లక్షణాలే ఇక్కడా కనిపించాయి. అయినా పరిహార చట్టం రావడానికి 1986 దాకా పట్టింది. కర్మాగారం పాదరసం వాడకం అప్పటికి ఎప్పుడో మానేసింది. బురద మాత్రం తన పని మానలేదు. నదిని శుభ్రం చేయడానికి ఒంటారియో ప్రభుత్వం 8.5 కోట్ల డాలర్లు ప్రకటించింది 2017లో, కర్మాగారం మొదలైన 55 ఏళ్లకు.