తొమ్మిది ఓట్లు

లోక్‌సభ ఎన్నికల చరిత్రలో అతి తక్కువ మెజారిటీ ఎంత, ఎక్కడ అని క్విజ్‌లో అడిగితే చోడవరం పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పాలి. ఆ రికార్డు మన అనకాపల్లి నియోజకవర్గానిదే. 1989 నవంబరు ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ గారికి 2,99,109 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి, అప్పటి ఎంపీ పి. అప్పలనరసింహం గారికి 2,99,100 ఓట్లు వచ్చాయి. తేడా తొమ్మిది. 1998లో అప్పటి బీహార్‌లోని రాజ్‌మహల్‌లో సోమ్ మరాండీ కూడా తొమ్మిది ఓట్లతోనే గెలిచి ఈ రికార్డును పంచుకున్నారు. 2024 ఎన్నికల వరకు అంతకంటే తక్కువ తేడా ఎక్కడా రాలేదు.

ఆ ఏడాది రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి. 42 లోక్‌సభ స్థానాల్లో 39 ఆ పార్టీకే దక్కాయి. తెలుగుదేశానికి మిగిలినవి రెండే. కల్వకుర్తిలో ఎన్.టి. రామారావు గారే ఓడిపోయారు. అంత గాలిలోనూ మన ప్రాంతం దాదాపు చెరిసగంగా నిలబడింది.

ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ ఆ మార్చిలోనే అమల్లోకి వచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మా బ్యాచ్ తొలిసారి ఓటేసింది ఆ ఎన్నికల్లోనే. ఫలితం తెలిశాక ఎవరి ఓటు వారికి ఒక్కసారిగా పెద్దదై కనిపించింది. గెలిచిన పక్షం వాడు “ఆ తొమ్మిదిలో నాదొకటి” అన్నాడు. ఓడిన పక్షం వాడు “పనులకని వలస పోయిన మా ఊరివాళ్లు పదిమంది వచ్చుంటేనా!” అన్నాడు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం.

ఇంజనీరుని కాబట్టి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది ఇంకో లెక్క. ఇద్దరికీ కలిపి పడిన 5,98,209 ఓట్లలో తొమ్మిదంటే లక్షకు ఒకటిన్నర. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే సెగ్మెంటుకు ఒకటీ చిల్లర. చెరకు బళ్లు తూచే ఏ కాటా కూడా ఇంత చిన్న తేడాను పట్టుకోలేదు. పైగా అప్పట్లో మన దగ్గర ఈవీఎంలు లేవు. కాగితం బ్యాలెట్, ముద్ర, ఇనప పెట్టె, అంతే. లోక్‌సభకు ఒకటి, అసెంబ్లీకి ఒకటి. ముద్ర ఇద్దరి గుర్తుల మీదా పడితే ఆ ఓటు చెల్లదు. మడతలో సిరా అవతలి గుర్తుకు అంటుకుంటే, అసలు ముద్ర ఏదో అంటుకున్న మరక ఏదో చూసి తేల్చాలి. ఇలా లక్షల కాగితాలను చేత్తో విప్పి, వేరుచేసి, కట్టలు కట్టి లెక్కించాలి.

మన చట్టంలో రీకౌంటింగ్ దానంతట అది జరగదు. అభ్యర్థి కారణాలు రాసి అడిగితే రిటర్నింగ్ అధికారి నిర్ణయిస్తారు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. కెనడాలో తేడా ఓట్లలో వెయ్యో వంతు కంటే తక్కువైతే న్యాయమూర్తి ఆధ్వర్యంలో రీకౌంటింగ్ తప్పనిసరి. 2025లో క్యుబెక్ రాష్ట్రంలోని టెర్‌బోన్‌లో అలా లెక్కిస్తే ఒక్క ఓటు తేడా తేలింది. తీరా చూస్తే, కవరు మీద పోస్టల్ కోడ్ తప్పుగా అచ్చవడంతో ఒక ఓటరు పోస్టులో పంపిన ఓటు తిరిగి ఆమె ఇంటికే వచ్చిందట! ఓటరు ఎంత శ్రద్ధగా వేసినా, మధ్యలో ఉన్నవారి పని కూడా అంత శ్రద్ధగా జరగాలి.

రామకృష్ణ గారు 1991లో మళ్లీ ఎంపీ అయ్యారు. అదే సభకు నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేల మెజారిటీతో పి.వి. నరసింహారావు గారు వచ్చారు. తొమ్మిదితో గెలిచినా, లక్షలతో గెలిచినా సభలో ఓటు ఒక్కటే. 2004లో రామకృష్ణ గారు అనకాపల్లి ఎమ్మెల్యేగా గెలిచి, వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి మంత్రివర్గంలో పనిచేశారు. 2009లో ఓడారు. 2024లో అదే అనకాపల్లి నుంచి జనసేన తరఫున 65 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. జనం తీర్పు ఒక్క మనిషి విషయంలోనే ఇన్ని రకాలుగా ఉంటుంది.

గెలిచినవారి పేరు, ఓడినవారి పేరు రికార్డుల్లో ఉన్నాయి. ఆ తొమ్మిదిని నమ్మదగిన అంకెగా నిలబెట్టిన వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వారిలో చాలామంది మన మాస్టార్లే. ముందురోజే పెట్టెలతో ఊళ్లకు వెళ్లి, బడి వసారాల్లో పడుకుని, తెల్లారేసరికి బూత్ సిద్ధం చేసిన వాళ్లు. ఆ నవంబరులో డ్యూటీ చేసిన మన గురువుల్లో ఇప్పుడు మనతో ఉన్నవారి అనుభవాలను సంఘం వెంటనే రాయించి భద్రపరచాలని నా మనవి. స్వర్ణోత్సవ వేళ మొదలుపెడితే, వచ్చే సంచికకు అదే మొదటి వ్యాసం కావచ్చు.