రైలుబండి నేర్పిన ఊపిరి: డిఫోర్డ్ బెయిలీ కథ

మౌత్ ఆర్గాన్ కొన్న కొత్తలో నాకు ఒకటే సమస్య. రెండు నిమిషాలు వాయిస్తే చాలు, ఊపిరి ఆడేది కాదు. గాలి చాలట్లేదేమో అనుకుని ఇంకా గట్టిగా పీల్చేవాణ్ణి. అసలు తప్పు అక్కడే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేలా చేసింది దాదాపు వందేళ్ల కిందట అమెరికాలో ఒకాయన వాయించిన రైలు పాట. ఆయనే డిఫోర్డ్ బెయిలీ. ఈరోజు ఆయన కథ చెప్పుకుందాం. ఊపిరి సంగతి కూడా అందులోనే ఉంది.

ముందు వాయిద్యం గురించి రెండు ముక్కలు. ఫ్లూట్, సన్నాయి ఊదితేనే పలుకుతాయి. మౌత్ ఆర్గాన్ ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. మామూలు పది రంధ్రాల మౌత్ ఆర్గాన్‌లో 20 రీడ్లు ఉంటాయి. అంటే ఒక్కో రంధ్రంలో ఊదడానికి ఒకటి, పీల్చడానికి ఒకటి. జర్మనీలోని ట్రోసింగెన్ అనే ఊళ్లో మథియాస్ హోనర్ 1857లో వీటి తయారీ మొదలుపెట్టాడు. ధర చవక, జేబులో పట్టేస్తుంది. అందుకే సముద్రం దాటి అమెరికాలో పేదవాళ్ల చేతికి కూడా చేరింది.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. జర్మన్ జానపద పాటలకు తగ్గట్టు, ఊదితే వచ్చే స్వరాలే ప్రధానంగా దీన్ని తయారుచేశారు. అమెరికా దక్షిణాదిలో బ్లూస్ వాయించే నల్లజాతి కళాకారులు ఆ లెక్క తిరగేశారు. సి శ్రుతి మౌత్ ఆర్గాన్ మీద జి శ్రుతిలో వాయించారు. దాంతో పీల్చే స్వరాలు ముందుకొచ్చాయి. పీల్చేటప్పుడు నాలుక, గొంతు ఆకారం మారిస్తే స్వరం కిందకి జారుతుంది, మనిషి ఏడ్చినట్టే వినిపిస్తుంది.

బెయిలీ 1899లో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టాడు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి ఏడాది పాటు మంచానికే అతుక్కుపోయాడు. అప్పుడే చేతిలోకి మౌత్ ఆర్గాన్ వచ్చింది. ఆడుకోవడానికి బయటికి వెళ్లలేని పిల్లాడు, చెవిన పడ్డ శబ్దాలన్నీ దానిమీద వాయించడం మొదలుపెట్టాడు. కుక్కల అరుపులు, కోళ్ల కూతలు, దూరంగా పోయే రైలు. పెద్దయ్యాక కూడా ఐదడుగులు లేడు.

1927 డిసెంబర్. నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్‌ఎం అనే రేడియో స్టేషన్. అప్పటిదాకా శాస్త్రీయ సంగీతం వచ్చింది. తర్వాత బెయిలీ తన ‘పాన్ అమెరికన్ బ్లూస్’ వాయించాడు. పాన్ అమెరికన్ అనేది ఆ దారిలో తిరిగే రైలు పేరు. ఆ రాత్రే అనౌన్సర్ జార్జ్ హే ఆ కార్యక్రమానికి ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అని పేరు పెట్టాడని చెబుతారు. ఆ షో నేటికీ నడుస్తోంది.

ఆ షోలో బెయిలీ పెద్ద స్టార్. కానీ తోటి కళాకారులతో ఊళ్లు తిరిగినప్పుడు, వాళ్లు దిగే హోటళ్లలో ఆయనకి గది ఇచ్చేవాళ్లు కాదు. కారణం ఒంటి రంగు. 1941లో ఉద్యోగం కూడా పోయింది. ఆ తర్వాత నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే షాపు నడుపుకుని బతికాడు. 1982లో చనిపోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటు దొరికింది 2005లో. అంటే పోయాక 23 ఏళ్లకు!

ఇప్పుడు ఊపిరి సంగతి. రైలు చప్పుడు ఎలా వస్తుందంటే, కింది మూడు నాలుగు రంధ్రాలు కలిపి రెండుసార్లు పీల్చాలి, రెండుసార్లు ఊదాలి. చుక్‌చుక్, చుక్‌చుక్. ఎంత గాలి లోపలికి వచ్చిందో అంతా బయటికి పోతుంది. అందుకే ఎంతసేపైనా ఆగకుండా వాయించొచ్చు. నేనేమో బ్లూస్ పాటల్లో పీల్చడమే తప్ప వదిలేవాణ్ణి కాదు. ఛాతీ నిండిపోయి ఇంక చోటు లేక ఉక్కిరిబిక్కిరి అయ్యేది. నాకు గాలి చాలక కాదు, ఎక్కువై!

మీరూ ఇలా చేసి చూడండి. పొట్టమీద చెయ్యి పెట్టుకోండి, పీల్చినప్పుడు పొట్ట ముందుకి రావాలి. కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి లాగినట్టు లాగొద్దు. ఆవలించినప్పుడు గొంతు ఎలా తెరుచుకుంటుందో అలా వదులుగా ఉంచండి. ఛాతీ నిండినట్టనిపిస్తే, ఊదే స్వరం దగ్గర మిగిలిన గాలిని ముక్కులోంచి వదిలేయండి. స్టేషన్‌లోంచి బండి కదిలినట్టు చాలా మెల్లగా మొదలుపెట్టి, తర్వాత వేగం పెంచండి. తల తిరిగితే వెంటనే ఆపేయండి.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘పాన్ అమెరికన్ బ్లూస్’ ఒకసారి వినండి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటు ఎక్కడైనా పట్టుకోగలిగితే నాకు చెప్పండి. నాకైతే ఇప్పటికీ దొరకలేదు.