పొత్తిగుడ్డకూ చరిత్ర ఉంది

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు గుర్తొస్తాయి. బిడ్డ మొలకు చుట్టిన గుడ్డకు అందులో చోటు దొరకదు. డైపర్ కథ చెప్పేవారు కూడా ఎక్కువగా అమెరికా నుంచే మొదలుపెడతారు. 1849లో వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు తీసుకున్నాడు. 1951లో మారియన్ డోనొవన్, తడి పక్కకు అంటకుండా గుడ్డ మీద తొడిగే కవరుకు పేటెంటు పొందింది. 1961లో వాడి పారేసే పాంపర్స్ వచ్చింది. మరి అంతకుముందు తల్లులకు ఏ తెలివీ లేదా?

అదే ఖండంలో క్రీ, ఒజిబ్వే ఆదివాసులు చిత్తడి నేలల్లో పెరిగే స్ఫాగ్నం అనే నాచును ఏరి, ఎండబెట్టి, పుల్లలు తీసి బిడ్డ కింద పరిచేవారు. తడిసింది తీసి కొత్తది వేసేవారు. ఆ నాచు తన బరువుకు పదిహేను రెట్లకు పైగా నీరు పీలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాల కట్లకూ దాన్నే వాడారు.

మన ఇళ్లలో ఆ పని పాత నూలుచీర చేసింది. చింతపండు, కరక్కాయలు సంతకు మోసి ఉప్పు, గుడ్డ తెచ్చుకున్నవారు చిరిగిన చీరను పారేయలేదు. పలుమార్లు ఉతికిన నూలు మెత్తబడి, కొత్త గుడ్డ కన్నా త్వరగా తడి పీలుస్తుంది.

మడతలోనూ లెక్క ఉంది. నలుచదరపు గుడ్డను మూలకు మూల కలిపి ముక్కోణంగా మడవాలి. పొడవాటి అంచు నడుము కిందికి రావాలి. కొనను కాళ్ల మధ్య నుంచి పైకి తీసి, పక్క మూలలతో కలిపి వదులుగా ముడివేయాలి. బొడ్డు ఊడేదాకా ముడి దాని కిందే ఉండాలి, గాలి తగిలితేనే బొడ్డు ఆరుతుంది. తడిసిన వెంటనే మార్చాలి. వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

ఇప్పుడు సంతల్లోనూ డైపర్ పొట్లాలు దొరుకుతున్నాయి. ఉతికే చాకిరీ అంతా తల్లి మీదే వేసి, వాటిని కొన్నందుకు ఆమెను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పనిలో తండ్రీ చెయ్యి వెయ్యాలి. అయితే డైపర్ వెలుపలి పొర ప్లాస్టిక్, అది కుళ్లదు. వాడిన డైపర్‌ను విడిగా చుట్టి చెత్త సేకరించేవారికి ఇవ్వాలి. చెత్తబండి రాని గూడెంలో అది వాగు పాలవుతుంది. ఆ వాగునీళ్లే కింది గూడెంవాళ్లు వాడుకోవాలి.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. ఇంట్లో అవ్వలు ఏ గుడ్డ వాడారు, ఎలా మడిచారు, దేనితో ఉతికారు, తమ భాషలో దాన్ని ఏమని పిలిచారు అని పిల్లల చేత అడిగించి రాయించాలి. గోండి, కోయ, సవర, బంజారా ఇళ్లలో ఆ మాటలు తెలిసిన అవ్వలు ఉండగానే ఈ పని జరగాలి.