బంతిని ఆపడం సగం పని, పంపడం మిగిలిన సగం: బెంగళూరులో హాకీ గోల్‌కీపర్ విద్య

పల్లె పాఠశాలలో హాకీ జట్టును కూర్చేటప్పుడు ఒక ఆనవాయితీ కనిపిస్తుంది. చురుకుగా పరుగెత్తే పిల్లలు ముందు వరుసకు పోతారు; ఎక్కడా ఇమడని పిల్లవాడిని గోలు ముందు నిలబెడతారు. ఆ పిల్లవాడికి చెప్పే పాఠం కూడా ఒక్కటే: బంతిని లోపలికి పోనీయవద్దు. ఆపిన తరువాత దానిని ఎటు పంపాలో చెప్పేవారు అరుదు. ఈ లోటు వలన మంచి గోల్‌కీపర్లు కాగల పిల్లలు మొదట్లోనే నిరుత్సాహపడి ఆటను వదిలివేస్తున్నారు. మనకు కూతవేటు దూరంలోని బెంగళూరులో ఈ విద్యకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. దానిని సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకొనడం అవసరం.

నియమాలు ఏమి చెబుతున్నాయి?

హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. దాని ముందు సుమారు 14.63 మీటర్ల దూరాన గీసిన వంపు గీతను 'డి' అని పిలుస్తారు. బంతి ఆ గీత లోపల ఉన్నంతవరకు గోల్‌కీపర్ కర్రతో పాటు కాళ్ళను, చేతులను, శరీరాన్ని ఉపయోగించవచ్చును. గీత దాటి వెలుపలికి వస్తే కర్ర తప్ప మరొకటి తగలరాదు. బంతిపై పడుకొని దానిని కప్పివేయడం కూడా తప్పే. కనుక ఆపిన బంతిని తక్షణమే అక్కడి నుండి తొలగించక తప్పదు.

చలి దేశాలలో మంచుపై ఆడే హాకీలో గోలీ 'పక్' అనే రబ్బరు బిళ్ళను కర్రతో సహచరునికి అందిస్తాడు. మన హాకీలో ఆ పనిని ప్రధానంగా కాళ్ళు చేస్తాయి. పాదాలకు తొడిగే 'కిక్కర్లు', కాళ్ళకు కట్టే 'ప్యాడ్లు' అతని అసలైన పనిముట్లు. కర్ర కుడి చేతిలో ఉంటుంది. ఎడమ చేతి గ్లవుజు గోడవలె బంతిని అడ్డుకుంటుంది.

మూడు తరాల అనుభవం

కేరళలోని కన్నూరులో 1947లో జన్మించిన మాన్యుయెల్ ఫ్రెడరిక్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన భారత జట్టు గోల్‌కీపర్. అది గోల్‌కీపర్లు హెల్మెట్ లేకుండా పచ్చిక మైదానంపై నిలిచిన కాలం. ఆయన బెంగళూరులో స్థిరపడ్డారు. 2019లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2025 అక్టోబరు 31న బెంగళూరులోనే కన్నుమూశారు.

రెండవ తరానికి ఆశిష్ బల్లాళ్ ప్రతినిధి. 1998 బాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా పెనాల్టీ స్ట్రోకులను అడ్డుకొని, 32 ఏళ్ళ తరువాత భారత్‌కు స్వర్ణం దక్కడంలో ఆయన కీలకపాత్ర వహించారు. ఆట విరమించిన తరువాత బెంగళూరులో శిక్షకునిగా పిల్లల మధ్యకు వచ్చారు.

మూడవవారు పి.ఆర్. శ్రీజేష్. ఎర్నాకుళం జిల్లా కిళక్కంబలంలో 1988లో జన్మించిన ఆయన తిరువనంతపురం క్రీడా పాఠశాలకు ఇనుపగుండు విసిరే విద్యార్థిగా వెళ్ళి, అక్కడి శిక్షకుని సూచనతో గోల్‌కీపర్ అయ్యారు. భారత క్రీడాప్రాధికార సంస్థకు చెందిన బెంగళూరు కేంద్రంలో జరిగే జాతీయ శిబిరాలలో ఏళ్ళ తరబడి సాధన చేశారు. టోక్యోలో 2021లో, పారిస్‌లో 2024లో కాంస్య పతకాలు సాధించిన జట్లలో ఆయనే గోల్‌కీపర్. పారిస్ తరువాత ఆట విరమించి, జూనియర్ పురుషుల జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆ జట్టు 2024 డిసెంబరులో జూనియర్ ఆసియా కప్ గెలిచింది. 2025 డిసెంబరులో మన దేశంలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో కాంస్యం సాధించింది. ఆ పోటీలో బెల్జియంపై క్వార్టర్ ఫైనల్ షూటౌట్ దాకా వెళ్ళినప్పుడు యువ గోల్‌కీపర్ ప్రిన్స్‌దీప్ సింగ్ జట్టును నిలబెట్టాడు.

మైదానం మారింది, పాఠం మారింది

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ కృత్రిమ మైదానం మీదికి మారింది. పచ్చికపై బంతి ఎగుడుదిగుడుగా వచ్చేది. ముందు దానిని ఆపి, తరువాత తన్నేవారు. కృత్రిమ మైదానంపై బంతి సూటిగా, అతివేగంగా దూసుకువస్తుంది. నేటి ప్యాడ్లు నురుగు పదార్థంతో తయారవుతాయి గనుక తగిలిన బంతి దూరంగా ఎగిసిపడుతుంది. అది తిన్నగా ప్రత్యర్థి కర్ర ముందు పడితే ఆపిన ఫలమంతా వృథా. కనుక ఆపడం, మళ్ళించడం ఒకే కదలికలో జరగాలి.

అనుభవజ్ఞులు నేర్పే ప్రధానాంశాలు ఇవి:

1. బంతిని గోలు నడిమి వైపునకు కాక, పక్క గీతల వైపునకు పంపవలెను.
2. తన్నేటప్పుడు తల బంతిపైన, శరీరభారం ముందుకు ఉండవలెను. వెనుకకు వాలితే బంతి గాలిలోకి లేచి ఇతరులకు ప్రమాదమవుతుంది.
3. రెండు కాళ్ళతోనూ సమానంగా తన్నగలగాలి. ఎడమ కాలు బలహీనమని తెలిస్తే ప్రత్యర్థి అటువైపే కొడతాడు.
4. కర్ర చదును ముఖాన్నే వాడవలెను. వెనుక భాగం తగిలితే తప్పు.
5. బంతి రాకముందే ఖాళీగా ఉన్న సహచరుని గమనించి, బిగ్గరగా పేరు పెట్టి పిలవవలెను. మైదానమంతా కనిపించేది గోల్‌కీపర్‌కే.

మన ఊరిలో ఏమి చేయవచ్చును?

దీనికి కృత్రిమ మైదానం అక్కరలేదు. బడి గోడ, నాలుగు టెన్నిస్ బంతులు చాలు. గోడకు కొట్టిన బంతి తిరిగి రాగానే, కుడి ఎడమలందు పెట్టిన రెండు రాళ్ళలో ఉపాధ్యాయుడు చెప్పిన దానివైపు పాదంతో మళ్ళించాలి. రోజుకు పదిహేను నిమిషాల సాధనతో పాదాలకు చూపు వస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం మరువరాదు. అసలు హాకీ బంతి బరువు 156 నుండి 163 గ్రాములు, రాయివలె గట్టిది. హెల్మెట్, గొంతు, ఛాతీ, పొత్తికడుపు రక్షణ తొడుగులు, గ్లవుజులు, ప్యాడ్లు, కిక్కర్లు లేకుండా ఏ బిడ్డనూ దాని ముందు నిలబెట్టకూడదు. ఈ సామగ్రి ఖరీదైనది. కూలినాలి చేసుకొనే కుటుంబం భరించలేదు. ఒక జత పాఠశాల పేర కొని ఉంచితే ఎన్నో ఏళ్ళు ఎందరో పిల్లలకు పనికివస్తుంది. గ్రామ పెద్దలు, పూర్వ విద్యార్థులు ఈ బాధ్యత తీసుకొనడం ఉచితం.

ఇది అందని ద్రాక్ష అని భావించరాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని యనమలవారిపల్లెకు చెందిన ఇటిమరపు రజని భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్ అయింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన ఐదుగురు ఆటగాళ్ళ హాకీ ప్రపంచకప్‌లో ఆమె సారథ్యంలోనే భారత్ రజతం సాధించింది. గోలు ముందు నిలిచిన ఆ పల్లె ఆడపిల్లను చేతగానిదని ఎవరూ అనలేరు.

కనుక ఈసారి బడిలో జట్టును కూర్చేటప్పుడు, మిగిలిపోయిన బిడ్డను గాక, చూపు నిలకడ, ధైర్యం, పిలిచే గొంతు ఉన్న బిడ్డను గోలు ముందు నిలపండి. బంతి ఆపినందుకు చప్పట్లు కొట్టడంతో సరిపెట్టక, "ఎటు పంపావు?" అని కూడా అడగండి.