చిత్తశుద్ధికి నాలుగు మాటలు

యోగం అనగానే మనలో చాలామందికి ఆసనాలే గుర్తుకు వస్తాయి. వయసు మీరిన వారికి డాక్టర్లు చెప్పేవి కూడా అవే. కాని పతంజలి యోగసూత్రాలు తిరగేస్తే, 190 పైచిలుకు సూత్రాలలో ఆసనం గురించి ప్రత్యేకంగా చెప్పినవి మూడే. ఆయన అసలు విచారణ అంతా మనస్సును గురించి. అందులో పేరుకున్న మురికి ఏమిటి, అది ఎలా పోతుంది అన్నదే ఆయనకు ముఖ్యం.

మొదటి పాదంలోని 33వ సూత్రాన్ని గురించే నేను ఇక్కడ మనవి చేయదలచుకున్నాను. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల ముదిత (అనగా సంతోషం), పాపం చేసేవారి పట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం తేటపడుతుందని దాని తాత్పర్యం. తరువాతి కాలంలో వ్యాఖ్య వ్రాసిన వాచస్పతి మిశ్రుడు ఏ భావం ఏ మురికిని కడుగుతుందో కూడా విడదీసి చెప్పాడు. మైత్రి ఈర్ష్యను, కరుణ ఇతరులకు కీడు చేయాలనే బుద్ధిని, ముదిత అసూయను, ఉపేక్ష ఓర్వలేని కోపాన్ని పోగొడతాయట.

గమనించండి, పతంజలి ముందుగా పేర్కొన్నది కష్టంలో ఉన్నవాడిని కాదు, సుఖంగా ఉన్నవాడిని. ఆయన ఏ ఆఫీసులోనూ పనిచేయకపోయినా గుమాస్తాల మనస్సు బాగా ఎరిగినవాడని నాకు అనిపిస్తుంది. పక్క సీటు వాడి ఇంట్లో జబ్బు చేస్తే సెక్షన్ అంతా చందాలు వేసుకుంటుంది. అదే పక్క సీటు వాడికి ప్రమోషన్ ఆర్డరు వస్తే ఆ రోజు మధ్యాహ్నం టీ తాగే వారి ముఖాలు చూడాలి.

ఇంతకూ ఈ నాలుగు మాటలు పతంజలి కొత్తగా కల్పించినవి కావు. పండితులు చాలామంది యోగసూత్రాలను క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటివంటారు. అంతకు ఎంతో ముందే బౌద్ధుల పాళీ గ్రంథాలలో మెత్త, కరుణ, ముదిత, ఉపేక్ఖ అనే పేర్లతో ఇవి ఉన్నాయి. వీటిని వారు బ్రహ్మవిహారాలన్నారు.

మరి బౌద్ధులదే సొంతమా అంటే అదీ కాదు. సంయుత్త నికాయంలో ఒక ఘట్టం ఉంది. కోలియుల దేశంలో హలిద్దవసనమనే ఊళ్ళో కొందరు భిక్షువులు ఉదయాన్నే భిక్షకు బయలుదేరారు. వేళ ఇంకా కాలేదని దగ్గరలో ఉన్న అన్యమత పరివ్రాజకుల తోటకు వెళ్ళి కూర్చున్నారు. అక్కడి వారు సూటిగా అడిగారు: మీ గౌతముడు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలతో మనస్సును నింపుకోమంటాడు, మేమూ మా శిష్యులకు అదే చెబుతాము, ఇక మీకూ మాకూ తేడా ఏమిటి? భిక్షువులు అవునని గాని కాదని గాని అనలేక లేచి వచ్చేశారు. భిక్ష ముగించుకుని వెళ్ళి బుద్ధునికి విన్నవించారు. ఆయన, వారు మా మాటలు ఎత్తుకుపోయారని అనలేదు. ఈ సాధన చివరకు ఎక్కడికి చేరుస్తుందో వారిని అడగండి అన్నాడు. ఆ పైన తన మార్గంలో ఒక్కొక్కటి ఎంతవరకు తీసుకుపోతుందో వివరించాడు.

మన సంఘం హాల్లో ఉదయం పూట యోగా తరగతి పెట్టినప్పటి నుండి జరుగుతున్న చర్చ సభ్యులందరికీ తెలిసినదే. ఇది ఫలానా మతం వారి సొత్తు అని ఒకరు గర్వంగా అంటారు. అందుచేత మేము రావడం బాగుండదేమో అని మరొకరు సంకోచంగా ఆగిపోతారు. నిరుడు వచ్చిన మిత్రులలో ఇద్దరు ఈ ఏడు రావడం లేదు. హలిద్దవసనంలో వచ్చిన ప్రశ్నే ఇక్కడా వచ్చింది గాని, అక్కడి వారు తోటకు వెళ్ళి కూర్చోవడానికి సంకోచించలేదు.

క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గమనే గ్రంథం వ్రాశాడు. విశుద్ధికి మార్గం అని ఆ పేరుకు అర్థం. (ఆ సింహళంతో మన వారికి అంతకు ముందే సంబంధం ఉంది. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనంలో సింహళ విహారం ప్రస్తావన కనబడుతుంది.) బుద్ధఘోషుడు ఈ నాలుగింటికీ దూరపు శత్రువు, దగ్గరి శత్రువు అని రెండేసి చెప్పాడు. మైత్రికి దూరపు శత్రువు ద్వేషం. అది అందరికీ కనబడుతుంది. దగ్గరి శత్రువు మమకారం. అది మైత్రి వేషంలోనే వస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. అలాగే కరుణకు క్రూరత్వం దూరపు శత్రువు, దుఃఖంలో కూరుకుపోవడం దగ్గరిది. ఉపేక్షకు దగ్గరి శత్రువు తెలియనితనంతో ఊరుకోవడం.

ఈ చివరిది మన తెలుగు వారు ముఖ్యంగా ఆలోచించవలసినది. మన వాడుకలో ఉపేక్షించడమంటే పట్టించుకోకుండా వదిలేయడమే అయిపోయింది. దగ్గరి శత్రువు ఇంటి యజమాని పేరు పెట్టుకుని కూర్చున్నాడన్న మాట. ఫైలును మూడు నెలలు బీరువాలో పెట్టడం ఉపేక్ష కాదు. ఎదుటివాడి తప్పు స్పష్టంగా చూస్తూనే దాని వలన మన మనస్సు పాడుకాకుండా చూసుకోవడం ఉపేక్ష. జైనులు ఈ చిక్కు లేకుండా వేరే మాట వాడారు. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో అది మాధ్యస్థ్యం. ఎంత చెప్పినా విననివారి పట్ల చూపవలసినది అదేనట.

ఇక పతంజలి ఎల్లలు దాటిన కథ. 973లో ఖ్వారిజంలో పుట్టిన అల్ బిరూనీ, గజనీ మహమ్మద్ కొలువులో ఉంటూ సంస్కృతం నేర్చుకున్నాడు. పతంజలి గ్రంథాన్ని ప్రశ్నలు, జవాబుల రూపంలో అరబ్బీలోకి తెచ్చాడు. సోమనాథ దండయాత్ర 1025లో జరిగింది. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి వ్రాసిన పెద్ద గ్రంథంలో, తన ప్రభువు దండయాత్రలు ఈ దేశపు సంపదను ఎలా నాశనం చేశాయో, అందువలన ఇక్కడి వారికి ముస్లింల పట్ల ఎంత విముఖత కలిగిందో బిరూనీయే వ్రాశాడు. అలాంటి రోజులలో పండితుల వద్ద కూర్చుని యోగశాస్త్రం తెలుసుకున్నవాడు ఆయన. ఆ అరబ్బీ ప్రతి ఇస్తాంబుల్ గ్రంథాలయంలో ఉన్నట్లు 20వ శతాబ్దంలో గాని ఆధునిక పండితులకు తెలియలేదు.

మనస్సు మురికిని గురించి ఇస్లాంలో సొంత విచారణ కూడా గట్టిగానే జరిగింది. 1111లో కాలం చేసిన ఇమాం గజాలీ, ఇహ్యా ఉలూముద్దీన్ అనే 40 భాగాల గ్రంథంలో కోపం, పగ, అసూయ మూడింటికీ కలిపి ఒక భాగం కేటాయించాడు. కోపం బయటికి పోలేక లోపల నిలిస్తే పగ అవుతుంది, పగకు పుట్టిన బిడ్డ అసూయ అంటాడు. ఆయన చెప్పిన మందు చాలా చేదు. అసూయ ఎవరిని నిందించమంటుందో వారిని నోరారా మెచ్చుకోవాలి. యోగసూత్రాల రెండవ పాదంలో చెడు తలపు వచ్చినప్పుడు దానికి ఎదురు తలపును భావించమన్నదీ ఇటువంటిదే. అయితే గజాలీ తలపుతో వదలలేదు, నోటితో అనమన్నాడు.

నా సర్వీసులో నన్ను దాటి ముందుకు వెళ్ళిన ఒకాయన నిరుడు స్వర్గస్థులయ్యారు. సంతాప సభలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆయన పెట్టిన నోటులో పై అధికారులు ఒక్క అక్షరం కూడా కొట్టివేయవలసిన అవసరం ఉండేది కాదని చెప్పాను. అది నిజం కూడా.