తెలుగునాట ఎడమ పక్షాన నిలిచినవారు: కులం ఒక్కటే కారణమా?

ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ కమ్మవారిదనీ, కాంగ్రెస్ రెడ్లదనీ, 1955 ఎన్నికల్లో ఆ సమీకరణం చెదరడంతో ఎర్రజెండా దిగిపోయిందనీ చెప్పే కథ చాలాకాలంగా చెలామణిలో ఉంది. ఆంధ్ర కమ్యూనిస్టుల కులం గురించి అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో రాసిన వ్యాసంతో దానికి పాండిత్య ముద్ర పడింది. పార్టీ అభిమానులు చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది: జనం మనవైపే ఉన్నారు, డబ్బూ దుష్ప్రచారమూ మనల్ని ఓడించాయి అని. ఈ రెండు కథల్లోనూ ఓటరు మటుకు లేడు. మొదటిదాంట్లో అతను కులపెద్ద మాట వింటాడు, రెండోదాంట్లో కరపత్రాన్ని నమ్మి మోసపోతాడు. తాను ఏ పక్షమో తేల్చుకునే తెలివి అతనికి ఉందని ఒప్పుకుంటే, చరిత్రను మరోరకంగా చదవాల్సి వస్తుంది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1789లో ఫ్రెంచి జాతీయ సభలో రాజు అధికారాన్ని కాపాడాలన్నవారు అధ్యక్షుడికి కుడివైపున, తగ్గించాలన్నవారు ఎడమవైపున కూర్చున్నారు. ఆ విభజన లోకమంతా పాకింది. 1934 ప్రాంతంలో పుచ్చలపల్లి సుందరయ్య వంటి యువకులు ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీకి పునాది వేశారు. 1942లో పార్టీ మీద నిషేధం తొలగింది. నిజాం రాజ్యంలో 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి మహాసభతో వామపక్షం చేతికి వచ్చింది. నాయకుల ప్రయాణం ఇది. వాళ్ల వెనక ఊళ్లకు ఊళ్లు ఎందుకు కదిలాయన్నదే అసలు ప్రశ్న.

పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ సంగతి చూడండి. ఆమె కౌలుకు చేసిన పొలంలో పండిన పంటను విసునూరు దేశ్‌ముఖ్, అంటే ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి, తన ఇంటికి చేర్చుకోవాలనుకున్నాడు. జనం 'సంఘం' అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ కార్యకర్తలు వచ్చి పైరు కోసి, ధాన్యం ఆమె ఇంటికే చేర్చారు. ఆమె అంతకుముందు ఏ సిద్ధాంత గ్రంథమూ చదివి ఉండదు. కష్టకాలంలో తన పక్కన నిలబడింది ఎవరో ఆమెకు తెలుసు. కడివెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు నేలకొరిగాక, ఊరూరా జనం 'సంఘం' పెట్టుకున్నారు. వెట్టి చెయ్యం, లేవీ కొలవం అన్న మాట మొదట వచ్చింది. కమ్యూనిజం అన్న పేరు దాని వెనకే వచ్చింది.

కులసిద్ధాంతం ఇక్కడ నిలవదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డీ, ఆయన మీద పోరాడిన సంఘానికి నాయకుడైన రావి నారాయణరెడ్డీ ఒకే కులంవారు. ఆరుట్ల రామచంద్రారెడ్డి, బద్దం ఎల్లారెడ్డి కూడా అంతే. 1952లో నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం నుంచి రావి నారాయణరెడ్డితో పాటు షెడ్యూల్డ్ కులాల స్థానంలో సుంకం అచ్చాలు కూడా కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున లోక్‌సభకు గెలిచారు. రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. హైదరాబాద్ శాసనసభలోని 175 స్థానాల్లో ఆ ఫ్రంట్ 42 గెలుచుకుంది. కృష్ణా, గుంటూరు డెల్టాల కులలెక్కను ఈ ఫలితాలకు అన్వయించడం ఎవరి తరమూ కాదు.

అయితే తెలంగాణ పోరాటాన్ని ఒకే వర్గపు తిరుగుబాటుగా చెప్పడమూ సరికాదు. మొదట్లో సంఘం పెట్టిన భూపరిమితి 500 ఎకరాలు. అందుకే దేశ్‌ముఖుల పెత్తనంతో విసిగిన పెద్దరైతులు కూడా కలిసివచ్చారు. క్రమంగా ఆ పరిమితి 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల మాగాణి దాకా దిగింది. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక, వాళ్లలో చాలామంది తమ అవసరం తీరిందనుకుని వెనక్కి తగ్గారు. కూలీలు, పేదరైతులు, అడవి పల్లెల కోయలు మాత్రం 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా నిలిచారు. పక్షం మార్చినవాళ్లు కులాన్ని బట్టి కాక, తగాదాలో తమ వాటా ఎంతో చూసుకుని మార్చారు.

కోస్తా విషయంలో హారిసన్ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య వంటి అగ్రనాయకులు కమ్మవారే. కాలవల కింద మాగాణి వల్ల చదువూ సంపదా అందుకున్న కుటుంబాల నుంచి పార్టీకి కార్యకర్తలు వచ్చారన్నదీ నిజమే. కానీ అదే కులం నుంచి, అదే డెల్టా నుంచి ఎన్.జి. రంగా వచ్చి పార్టీకి ఎదురు నిలిచారు. సుందరయ్య నెల్లూరు రెడ్డి కుటుంబంలో పుట్టి పేరులోంచి కులాన్ని తీసేశారు. రాయలసీమలో 1952లో తరిమెల నాగిరెడ్డి, స్వయానా తన బావ అయిన నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించారు. ఒకే ఇంట్లో రెండు పక్షాలు కనిపించినప్పుడు కులం ఏం వివరించగలదు? కూలీల మద్దతును హారిసన్ పూర్తిగా విస్మరించలేదు. అయినా ఆయన కథలో నిర్ణాయక పాత్ర భూమి ఉన్న కులాలదే. డెల్టాలో మాల, మాదిగ కూలీలు కూలి రేట్ల కోసం చేసిన సమ్మెలు ఆ కథలో వెనక వరసలో ఉండిపోయాయి.

ఇక 1955 సంగతి. ఆంధ్ర ప్రాంతంలో 1952లో 41 స్థానాలు గెలిచిన కమ్యూనిస్టులు, 1955లో 196 స్థానాల సభలో 15కు పడిపోయారు. దీన్ని జనం తిరస్కారంగా రాసుకున్నారు. ఓట్లు చూస్తే వేరే సంగతి కనబడుతుంది. 1952లో అక్కడ పార్టీకి దాదాపు ఐదో వంతు ఓట్లు వస్తే, 1955లో 31 శాతం వచ్చాయి. 39 శాతం ఓట్లకే కాంగ్రెస్‌కు 119 సీట్లు దక్కాయి. అంతకుముందు ప్రకాశం పంతులు, రంగా, కాంగ్రెస్ విడివిడిగా నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. ఈసారి ఒకే కూటమిగా వచ్చారు. సీట్లు తగ్గడానికి మొదటి కారణం ఇదే. పార్టీ ఈసారి చాలా ఎక్కువ చోట్ల పోటీ చేసింది కాబట్టి ఓట్ల పెరుగుదలలో కొంత దాని పుణ్యమేనని ఒప్పుకోవాలి. ఆ మేరకు తీసేసినా, ఒక కులం మూకుమ్మడిగా వెళ్లిపోయిన ఆనవాలు ఈ అంకెల్లో కనబడదు.

మరో కారణాన్ని చరిత్రకారులు తక్కువ చేసి చూశారు. ఎన్నికలకు నెల ముందు, 1955 జనవరిలో, ఆవడి మహాసభలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజం తమ లక్ష్యమని ప్రకటించింది. అదే నెలలో మాస్కోలోని ప్రావ్దా పత్రిక ఒక సంపాదకీయంలో భారత విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంది. ఆ సంపాదకీయాన్ని కాంగ్రెస్ ఊరూరా ప్రచారం చేసింది. దీన్ని వట్టి ప్రచార ఎత్తుగడ అనడం ఓటరును చిన్నచూపు చూడటమే. భూసంస్కరణ కావాలనుకున్న మధ్యతరగతి రైతుకు, తన అభిప్రాయాలు మార్చుకోకుండానే కాంగ్రెస్‌కు ఓటు వేసే వీలు కలిగింది. కదిలింది ఓటరు కాదు, కాంగ్రెస్.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. 1964లో పార్టీ చీలింది. 1967 తర్వాత శ్రీకాకుళం గిరిజన పోరాటం ఒక తరాన్ని పార్లమెంటరీ దారి నుంచి పక్కకు తీసుకెళ్లింది. 1982లో పుట్టిన తెలుగుదేశం, రెండు రూపాయలకే కిలో బియ్యంతో పేదల ఓటుకు కొత్త చిరునామా అయింది.

కులం నిజంగా నిర్ణాయకమైన ఘట్టం దాని తర్వాతే వచ్చింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. చంపినవాళ్లు ఆ ఊళ్లలో భూమీ బలమూ ఉన్న కులాలవారు. కారంచేడు తర్వాత కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. ఎర్రజెండా కింద కూలి కోసం పోరాడినవాళ్లకు, ఆ జెండా తమ వాడను కాపాడలేకపోయిందన్న బాధ మిగిలింది. జనం ఎడమ పక్షానికి వచ్చింది కులం వల్ల కాదు. కానీ కులాన్ని పట్టించుకోనందువల్ల చాలామంది అక్కడినుంచి వెళ్లిపోయారు. హారిసన్ కథ తలకిందులు కావాల్సింది ఇక్కడే.

నేటి స్థితి నాకు ఆందోళన కలిగిస్తోంది. 1994లో వామపక్షాలతో కలిసి గెలిచిన తెలుగుదేశం, 1999లో బీజేపీతో కలిసి గెలిచింది. 2004లో కాంగ్రెస్‌తో ఉన్న టీఆర్ఎస్, 2009లో తెలుగుదేశంతో, వామపక్షాలతో జతకట్టింది. 2019, 2024లలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కమ్యూనిస్టులు ఒక్కరూ లేరు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్ పొత్తుతో సీపీఐకి దక్కింది కొత్తగూడెం ఒక్కటే. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో ప్రచురించిన పుస్తకంలో, భారతీయ ఓటరును ఐరోపా కొలబద్దతో కొలవలేమని వాదించారు. సమాజంలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి, వెనకబడిన సమూహాలకు ఎంత గుర్తింపు ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నల మీదే మన దేశంలో పక్షాలు ఏర్పడతాయన్నారు. ఆ మాట చాలావరకు సరైనదే. కానీ ఆ ప్రశ్నలకు జవాబులు ఏర్పడే చోటు ఏదన్నది ఆ చట్రానికి అందదు. పాలకుర్తిలో ఆ చోటు సంఘం. ఇప్పుడు ఆ చోటును అభిమాన నాయకుడి ఫొటో, కులం వాట్సాప్ గ్రూపు ఆక్రమించాయి. టీవీ చర్చల్లో లెఫ్ట్, రైట్ అన్నవి ఎదుటివాడిని నోరు మూయించే తిట్లయ్యాయి.

అందుకే పరిశోధకులకు నాది ఒక్కటే విన్నపం. ఏ ఊరి ఓటునైనా వివరించబూనినప్పుడు, ముందు అక్కడి కులాల శాతాలు లెక్కపెట్టకండి. ఆ ఊళ్లో తగాదా దేని గురించి, అందులో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు అని అడగండి. కులం కూడా ఆ జవాబులోనే దొరుకుతుంది, దాని బరువెంతో కూడా అక్కడే తేలుతుంది.